మూర్ఛకు మెదడు శస్త్రచికిత్స: ఖర్చు కాగితంలోని చరిత్ర

నేను ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్ళయినా, ఊళ్ళోవాళ్ళూ వాళ్ళ బంధువులూ రిపోర్టుల సంచీలు పట్టుకొని ఇంటికి వస్తూనే ఉంటారు. మొన్న వేసవిలో ఒక తండ్రి వచ్చాడు. ఆయన కొడుకుకు పద్దెనిమిదేళ్ళు, ఏడేళ్ళుగా ఫిట్స్. మూడు రకాల మందులు వాడినా తగ్గలేదు. పట్నంలోని పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే, మెదడుకు ఆపరేషన్ చేస్తే తగ్గే అవకాశం ఉందని చెప్పి, ఖర్చు అంచనా రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ఆయన ఆ కాగితాన్ని నా బల్లమీద పరిచి, ఒక్కొక్క వరుసా వేలితో చూపిస్తూ అడిగాడు.

"డాక్టరుగారూ, ఆపరేషనుకు ఇంత అన్నారు, సరే. మత్తు డాక్టరుకు, ఐ.సి.యు.కు, మందులకు, అదీ సరే. కొయ్యకముందే ఇన్ని పరీక్షలేమిటండీ? వారం రోజులు మంచం మీద ఉంచి వీడియో తీస్తారట. వీడికి ఫిట్స్ వస్తున్నాయని మేమే చెబుతుంటే మళ్ళీ వీడియో దేనికి? జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే సైకాలజిస్టుకు వేరే ఫీజు. వీడికేమన్నా పిచ్చా? ఇదంతా డబ్బు గుంజడం కాదా?"

ఆయన అనుమానం అన్యాయమైనదని నేను అనలేను. అనవసరమైన పరీక్షలు రాసేవాళ్ళు మా వృత్తిలో లేరని చెబితే మీరు నవ్విపోతారు. కానీ ఆయన వేలు పెట్టి చూపించిన ఆ వరుసలే, ఆ మొత్తం కాగితంలో ఎంతమాత్రమూ కొట్టివేయకూడనివి. అవి ఒక్కరోజున రాసినవి కావు. నూటనలభై ఏళ్ళలో ఒకదాని తర్వాత ఒకటి చేరినవి. కొన్ని వరుసలు చేరడానికి ముందు ఎవరో ఒకరు తమ శరీరంతో, తమ జ్ఞాపకంతో మూల్యం చెల్లించారు. ఆయనకు ఆ రోజు పది నిమిషాల్లో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ తీరికగా చెబుతాను. రూపాయల పట్టిక మాత్రం ఇవ్వను. ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి, జబ్బు తీరును బట్టి మారే ఆ అంకెలు ఆర్నెల్లలో పాతబడిపోతాయి.

ముందుగా, ఈ ఆపరేషన్ ఎవరికి? మూర్ఛ ఉన్న ప్రతివారికీ కాదు. స్కాట్లండులోని గ్లాస్గోలో ఇద్దరు వైద్యులు అంతకుముందు ఏ మందూ వాడని 470 మంది రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2000 సంవత్సరంలో ఫలితాలు ప్రకటించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందుతోనో మూడో మందుతోనో ఆగినవారు మరో 14 శాతం. అంటే రెండు మందులు సరైన మోతాదులో వాడినా లొంగని మూర్ఛ, మూడోదానికీ నాలుగోదానికీ లొంగే ఆశ చాలా తక్కువ. మొత్తం రోగుల్లో ఇలాంటివారు దాదాపు మూడోవంతు. వీరిలో ఎవరికి మెదడులో ఒకే ఒక్క చోటు నుంచి ఫిట్స్ పుడుతున్నాయో, ఆ చోటును తీసివేసినా మాటకూ కదలికకూ జ్ఞాపకానికీ పెద్ద నష్టం ఉండదో, వారికి శస్త్రచికిత్స. కష్టమంతా ఆ చోటును కనిపెట్టడంలో ఉంది. ఖర్చూ అక్కడే ఉంది.

ఇప్పుడు 1886కు వెళదాం. లండనులోని క్వీన్ స్క్వేర్‌లో పక్షవాతం, మూర్ఛ రోగుల కోసం ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఉంది. ఆ మే 25న విక్టర్ హార్స్‌లీ అనే ఇరవైతొమ్మిదేళ్ళ శస్త్రవైద్యుడు ఒక యువకుడి పుర్రె తెరిచాడు. రోగి వయస్సు ఇరవైరెండు. ఏడేళ్ళప్పుడు గుర్రపుబండి కింద పడి తల పగిలింది. పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయి మచ్చ మిగిలింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఫిట్స్ మొదలై, ఒక్కొక్కప్పుడు రోజుకు వందల సంఖ్యలో వచ్చేవి. హార్స్‌లీ మెదడు మీది ఆ మచ్చను, దాని చుట్టూ ఉన్న కొద్ది భాగంతో సహా తీసివేశాడు. రోగి కోలుకున్నాడు, ఫిట్స్ ఆగాయి.

అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. రాంట్‌గెన్ దాన్ని కనిపెట్టింది 1895లో. మరి ఎక్కడ కొయ్యాలో హార్స్‌లీకి ఎలా తెలిసింది? ఒకటి, బయటికి కనిపించే మచ్చ. రెండు, అదే ఆసుపత్రిలో పనిచేసే హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుని పరిశీలన. ఫిట్ బొటనవేలిలో మొదలై, చేతికి పాకి, ముఖానికి ఎక్కే రోగులను జాక్సన్ ఏళ్ళ తరబడి చూశాడు. ఫిట్ శరీరంలో పాకే క్రమాన్ని బట్టి, మెదడులో ఏ భాగం ముందుగా రగులుతున్నదో చెప్పవచ్చునని ఆయన వాదించాడు. ఆయన భార్య మెదడు రక్తనాళాల్లో గడ్డకట్టే జబ్బుతో 1876లో మరణించింది. ఆమెకు వచ్చిన ఫిట్స్ కూడా శరీరంలో ఒక పక్కనే మొదలై పాకేవి. తాను వర్ణించిన జబ్బునే ఆయన తన ఇంట్లో చూడవలసి వచ్చింది.

జాక్సన్ చేసింది ఖర్చులేని పరీక్ష. ఫిట్ ఎలా మొదలవుతుందో శ్రద్ధగా చూడటం, అడగటం, రాసిపెట్టుకోవడం. ఇవాళ కూడా దానికి మించిన చవకైన పరీక్ష లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళంచెవులు పెట్టడానికీ, ఉల్లిపాయ వాసన చూపడానికీ పరుగెత్తకుండా రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఫోనులో వీడియో తీయండి. మొదటి పది సెకన్లు దొరికితే నాలాంటి వైద్యునికి అది నిధి.

అయితే బయటికి మచ్చ కనిపించేవాళ్ళు ఎంతమంది? చెయ్యీ కాలూ ఎగరకుండా, కాసేపు నిశ్చేష్టంగా చూస్తూ, పెదవులు చప్పరిస్తూ, కొంగునో చొక్కా గుండీనో నులుముతూ ఉండిపోయే రోగులు అనేకులు. వారి మెదడులో రగిలే చోటు లోపలెక్కడో ఉంటుంది. దాన్ని చూసే కన్ను కావలసి వచ్చింది. జర్మనీలో యేనా పట్టణపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీద నుంచి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేశాడు. ఐదేళ్ళపాటు తన ఫలితాలను తానే నమ్మలేక మళ్ళీమళ్ళీ పరీక్షించుకొని 1929లో ప్రచురించాడు. అదే ఇ.ఇ.జి. మన కాగితంలో మొదటి వరుస అలా పుట్టింది.

దానికి వీడియో ఎందుకు తోడైందంటే, ఫిట్ లేనప్పుడు తీసిన అరగంట ఇ.ఇ.జి. తరచు మామూలుగానే ఉంటుంది. దొంగ లేని వేళ కాపలా కాసినట్టు. అందుకే రోగిని ఆసుపత్రిలో ఉంచి, మందులు జాగ్రత్తగా తగ్గించి, ఫిట్ వచ్చేదాకా రాత్రింబవళ్ళు ఎదురుచూస్తారు. ఫిట్ వచ్చిన క్షణంలో శరీరం ఏం చేసిందో కెమెరా, మెదడు ఏం చేసిందో తీగలు ఒకేసారి పట్టుకుంటాయి. ఇలా ఒక్కసారి చూసి ఊరుకోరు. ప్రతి ఫిట్టూ అదే చోటు నుంచి వస్తున్నదని తేలేదాకా చూస్తారు. ఈ పరీక్షలో మరో సంగతి కూడా బయటపడుతుంది. ఏళ్ళుగా మూర్ఛ మందులు మింగుతున్నవారిలో కొందరికి అసలు మూర్ఛే ఉండదు. మానసిక ఒత్తిడి అలా శరీరంలో బయటపడుతూ ఉంటుంది. వారికి కత్తి కాదు కదా, మాత్ర కూడా అక్కరలేదు. కాబట్టి "ఫిట్స్ వస్తున్నాయని మేమే చెబుతున్నాం కదా" అన్న తండ్రికి జవాబు ఇదే: వస్తున్నాయా అని కాదు, ఎక్కడి నుంచి అని.

ఆ తర్వాతి వరుస అర్థం కావాలంటే కెనడా వెళ్ళాలి. వైల్డర్ పెన్‌ఫీల్డ్ పేరు మూర్ఛ శస్త్రచికిత్స చరిత్రలో అందరికన్నా పెద్దది. ఆయన సోదరికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. 1928లో ఆమె మెదడు ముందు భాగంలో పెద్ద గడ్డ ఉన్నదని తేలింది. వేరెవరికీ అప్పగించలేక పెన్‌ఫీల్డే ఆపరేషన్ చేశాడు. గడ్డతోపాటు కుడివైపు ముందరి మెదడులో చాలా భాగం తీసివేయవలసి వచ్చింది. ఆమె బ్రతికి బయటపడింది, మాట్లాడింది, నవ్వింది, పిల్లల్ని చూసుకుంది. ఏడాది దాటాక ఒకరోజు తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. ఇంట్లో నలుగురు, అతిథి ఒకరు. వంట చేయడానికి రోజంతా ఉంది. ఆయన వెళ్ళేసరికి వంటింట్లో సరుకులన్నీ ఉన్నాయి. కొన్ని పొయ్యి మీద ఉన్నాయి, కొన్ని అసలు మొదలుకాలేదు. ఆమె ఆ మధ్యలో దిక్కుతోచక నిలబడి ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అనే వరుస ఆమెకు తప్పిపోయింది. పెన్‌ఫీల్డ్ ఆ సాయంత్రాన్ని వైద్యపత్రికలో దాచకుండా రాశాడు. జబ్బు మళ్ళీ పెరిగి ఆమె తర్వాత కొద్ది ఏళ్ళకే మరణించింది.

మామూలు పరీక్షలో ఆమె చేతులూ కాళ్ళూ బాగున్నాయి, మాట బాగుంది. పోయిందేమిటో తెలియడానికి ఐదుగురికి వంట కావలసి వచ్చింది. మనిషి మెదడులో ఏ శక్తి ఎంత ఉన్నదో కొయ్యకముందే కొలిచి పెట్టుకోవాలన్న ఆలోచన ఇలాంటి అనుభవాల నుంచి వచ్చింది.

పెన్‌ఫీల్డ్ ఆ ఏడే జర్మనీకి వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలై మూర్ఛ వచ్చిన సైనికులకు శస్త్రచికిత్స చేసిన ఫోర్‌స్టర్ వద్ద పని చూశాడు. తిరిగి వచ్చి మాంట్రియల్‌లో ఒక సంస్థను 1934లో తెరిచాడు. దానికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పన్నెండు లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. మూర్ఛ శస్త్రచికిత్స ప్రపంచంలో ఎక్కడ నిలదొక్కుకున్నా రోగి జేబు మీద ఆధారపడి నిలదొక్కుకోలేదు. ఎవరో దాతలు, ప్రభుత్వాలు, మిషన్లు మొదటి భారాన్ని మోశాయి.

మాంట్రియల్‌లో రోగి మెలకువగా ఉండగానే ఆపరేషన్ జరిగేది. తలమీద చర్మానికి మాత్రమే మత్తు ఇస్తారు. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. సర్జన్ సన్నని విద్యుత్తుతో మెదడు మీద ఒక్కొక్క చోటా తాకుతాడు. వేలు కదిలితే అక్కడొక అంకె, మాట ఆగితే మరో అంకె పెట్టి, తాకకూడని ప్రాంతాలకు పొలంగట్లలా హద్దులు గీసుకుంటాడు. హెర్బర్ట్ జాస్పర్ ఇ.ఇ.జి.తో ఆయనకు తోడయ్యాడు. ఇవాళ కొన్ని కాగితాల్లో కనిపించే "మెలకువలో శస్త్రచికిత్స" అనే వరుస అక్కడిదే.

ఇక సైకాలజిస్టు ఫీజు. ఆ తండ్రికి అన్నిటికన్నా కోపం తెప్పించిన వరుస ఇదే. దీని వెనుక ఉన్న మనిషి హెన్రీ మొలైసన్. బ్రతికి ఉన్నంతకాలం వైద్యగ్రంథాల్లో ఆయన పేరు కేవలం రెండక్షరాలు, హెచ్.ఎమ్.

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రపు కుర్రాడు. పదేళ్ళ నుంచి చిన్న ఫిట్స్, పదహారో ఏట నుంచి పెద్దవి. ఇరవైఏడేళ్ళు వచ్చేసరికి ఏ మందూ పనిచేయక ఉద్యోగమూ చేసుకోలేని స్థితి. 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయనకు ఆపరేషన్ చేశాడు. ఇ.ఇ.జి.లో ఫలానా చోటు అని ఏదీ తేలలేదు. అయినా కణతల లోపలి భాగాలను, అందులోని హిప్పోక్యాంపస్ అనే సముద్రపు గుర్రం ఆకారపు భాగంలో అధికభాగాన్ని, రెండు వైపులా తీసివేశాడు. రెండు వైపులా అన్న మాటను ఒత్తి చదవండి.

ఫిట్స్ బాగా తగ్గాయి. తెలివి తగ్గలేదు, మాట చెడలేదు, మర్యాద చెడలేదు. కానీ ఆ రోజు తర్వాత కొత్తగా ఏ సంగతీ ఆయన మనస్సులో నిలువలేదు. భోజనం చేసిన సంగతి గంటకు గుర్తుండేది కాదు. రోజూ వచ్చే మనిషి రోజూ కొత్తవాడే. మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనను పరీక్షించడానికి వచ్చింది. అద్దంలో చూస్తూ నక్షత్రపు గీతల మధ్య పెన్సిలు నడపమని మూడు రోజులు అభ్యాసం చేయించింది. రోజురోజుకూ చెయ్యి తిరిగింది. కానీ ప్రతి రోజూ ఆయనకు అది మొదటిసారే. ఆమె, స్కోవిల్ కలిసి 1957లో ప్రకటించిన ఆ నివేదిక, జ్ఞాపకం మెదడులో ఎక్కడ పుడుతుందో లోకానికి చెప్పింది. మొలైసన్ అలాగే యాభైఐదేళ్ళు బ్రతికి 2008లో కన్నుమూశాడు. ఆయన మెదడును 2,401 పలుచని పొరలుగా కోసి శాస్త్రజ్ఞులు భద్రపరిచారు. మనం చదువుకున్న పాఠానికి ఆయన కట్టిన ఫీజు అది.

దీనికన్నా భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. పెన్‌ఫీల్డ్ దగ్గరే ఇద్దరు రోగులకు ఒక్క వైపు మాత్రమే తీసినా జ్ఞాపకం ఇలాగే పోయింది. వారిలో ఒకరు మరణించాక పరీక్షిస్తే, కొయ్యని రెండో వైపు హిప్పోక్యాంపస్ ఎన్నో ఏళ్ళ కిందటే దెబ్బతిని ఉన్నది. రెండు కాళ్ళలో ఒకటి అప్పటికే చచ్చుపడి ఉండగా, తెలియక మంచి కాలినే తీసేసినట్టయింది. అందుకే నేడు కత్తి పట్టేముందు సైకాలజిస్టు రోగిని కూర్చోబెట్టి కథ చెప్పి తిరిగి చెప్పమంటారు, బొమ్మ చూపించి గుర్తుపెట్టుకొని గీయమంటారు, మాటల జాబితా అప్పగించమంటారు. తీయబోయే వైపు ఎంత పని చేస్తున్నది, మిగలబోయే వైపు ఒంటరిగా బరువు మోయగలదా అన్నది ఆ పరీక్షల సారం. సందేహం తీరకపోతే జపాను వైద్యుడు జున్ వాడా కనిపెట్టిన పరీక్ష ఉంది. మెడలోని రక్తనాళంలోకి మందు పంపి మెదడులో ఒక సగాన్ని కొద్ది నిమిషాలు నిద్రపుచ్చి, మెలకువగా ఉన్న సగంతో మాటా జ్ఞాపకమూ సరిచూస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ప్రత్యేకమైన ఎం.ఆర్.ఐ.తో ఆ పని కొంతవరకు జరుగుతున్నది. పిచ్చికీ దీనికీ సంబంధం లేదని ఆ తండ్రికి చెప్పాను. అసలు కాగితంలో ఏదైనా వరుస కొట్టివేయక తప్పదంటే, దీన్ని అన్నిటికన్నా చివర కొట్టివేయమంటాను.

మన దేశానికి ఈ విద్య రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన జాకబ్ చాందీ 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నాడీ శస్త్రచికిత్స విభాగం తెరిచారు. మూర్ఛకు మన దేశంలో తొలి శస్త్రచికిత్స అక్కడే, 1952లో జరిగింది. చిత్తూరు సరిహద్దు దాటితే వెల్లూరు. మన రాయలసీమ కుటుంబాలకు "పెద్దాసుపత్రి" అంటే చాలాకాలం అదే. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి 1950 నుంచి ఈ శాస్త్రానికి పునాదులు వేశారు. అయితే ఆ తొలితరం ఉత్సాహం తర్వాత సన్నగిల్లింది. మూర్ఛకు శస్త్రచికిత్స ఉన్నదన్న మాటే దేశంలో చాలామంది వైద్యులు మరిచారు. నేను వైద్యం చదివిన రోజుల్లో ఇది పుస్తకంలో ఒక పేరా. పరీక్షలో అడగరని దాన్ని వదిలేసేవాళ్ళం.

మళ్ళీ ఊపిరి పోసినది ఎం.ఆర్.ఐ. 1990 ప్రాంతంలో, ముడుచుకొని గట్టిపడిన హిప్పోక్యాంపస్‌ను పుర్రె తెరవకుండానే ఆ స్కానులో చూడవచ్చునని తేలింది. పసితనంలో జ్వరంతో ఎక్కువసేపు ఫిట్స్ వచ్చి, పెద్దయ్యాక మందులకు లొంగని మూర్ఛ మొదలైన వారిలో ఈ మార్పు తరచు కనిపిస్తుంది. 1995లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో కురుపత్ రాధాకృష్ణన్ బృందం మూర్ఛ శస్త్రచికిత్సను ఒక క్రమంలో ప్రారంభించింది. ఇంచుమించు అదే కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ మొదలైంది. శ్రీచిత్ర బృందం చేసిన పని ఖర్చు గురించి ఆలోచించే ప్రతివారూ తెలుసుకోదగ్గది. పాశ్చాత్య దేశాల కేంద్రాలను అనుకరించి ప్రతి రోగికీ ప్రతి యంత్రమూ వాడాలని వారు అనుకోలేదు. రోగి చెప్పిన లక్షణాలు, ఎం.ఆర్.ఐ., తలపై నుంచి తీసిన వీడియో ఇ.ఇ.జి., సైకాలజిస్టు పరీక్ష, ఈ నాలుగూ ఒకే చోటును చూపిస్తే, అలాంటివారిని ముందుగా ఎంచుకొని ఆపరేషన్ చేశారు. అలా చేస్తే ఖర్చు పాశ్చాత్య దేశాల ఖర్చులో చిన్న పాలుకు తగ్గుతుందనీ, ఫలితాలు మాత్రం తీసిపోవనీ చూపించారు. తర్వాతి కాలంలో హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట్లకూ ఈ చికిత్స వచ్చింది.

ఒకే ఆపరేషనుకు ఒకరికి ఒక మొత్తం, మరొకరికి దానికి కొన్ని రెట్లు ఎందుకవుతుందో ఇక్కడ తెలుస్తుంది. నాలుగు సాక్ష్యాలూ కలిస్తే దారి దగ్గర. కలవకపోతే మెదడు లోపలికే సన్నని ఎలక్ట్రోడులు దించి రోజుల తరబడి వినాలి. ఈ పద్ధతిని 1950ల చివర్లో పారిస్‌లో తలైరాక్, బాంకో అనే ఇద్దరు రూపొందించారు. అందుకు రెండు ఆపరేషన్లు, పారవేయవలసిన ఎలక్ట్రోడులు, ఎక్కువ రోజుల ఆసుపత్రి బస. ఖర్చు పెరగడం సహజం. ఛాతీలో పెట్టే పేస్‌మేకర్ లాంటి నాడీ ప్రేరక యంత్రం మరో దారి. దాని ధరలో పెద్ద భాగం యంత్రానిదే. అది ఫిట్స్‌ను తగ్గిస్తుందే తప్ప మాన్పడం అరుదు. ఇంకెక్కడా చోటు దొరకనివారి కోసమే తప్ప, కణత మెదడులో స్పష్టమైన మచ్చ ఉన్నవారికి మొదట చెప్పవలసినది కాదు.

ఇంత చేసినా ఫలితమేమిటి? కెనడాలో లండన్ అనే పేరుగల నగరం ఒకటుంది. అక్కడ 80 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, సగం మందికి ఆపరేషన్, సగం మందికి మందులు మాత్రమే ఇచ్చి 2001లో ఫలితం చెప్పారు. ఏడాది గడిచాక స్పృహ తప్పించే ఫిట్స్ లేనివారు ఆపరేషన్ జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. మరణించినది ఒక్కరు, మందుల జట్టులో. మన ఎయిమ్స్ వైద్యులు 116 మంది పిల్లలపై చేసిన ఇలాంటి పరిశోధన 2017లో వచ్చింది. ఏడాదికి ఫిట్స్ ఆగినవారు శస్త్రచికిత్స పొందినవారిలో 77 శాతం, మందులతోనే ఉన్నవారిలో 7 శాతం. రెండో మాట కూడా చెప్పాలి. శస్త్రచికిత్స పొందిన పిల్లల్లో మూడోవంతు మందికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. ఎక్కువ భాగం, కోసిన చోటును బట్టి ముందే ఊహించిన ఒక పక్క బలహీనత. ఈ రెండు సంఖ్యలూ కలిపి చెప్పని వైద్యుని దగ్గర సంతకం పెట్టకండి.

త్రాసులో రెండో తట్ట కూడా ఉంది. మన దేశంలో పలు కేంద్రాల రోగులను పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం, మందులు, ప్రయాణాలు, పోయిన పనిదినాలు కలిపి ఒక మూర్ఛ రోగికి ఏడాదికి 13,755 రూపాయలు అవుతున్నదని లెక్క వేసింది. అప్పటి మన తలసరి జాతీయోత్పత్తిలో అది దాదాపు 88 శాతం. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారి, ఒకే కాగితం మీద కనిపిస్తుంది గనుక భయపెడుతుంది. జబ్బు ఖర్చు మందుల దుకాణపు చీటీల్లో, బస్సు టికెట్లలో, ఆగిపోయిన చదువులో చెల్లాచెదురుగా ఉంటుంది గనుక ఎవరూ కూడరు.

ఆ కూడనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా దగ్గరకు పదకొండేళ్ళు వచ్చిన ఒకామె ఉండేది. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టవుతుందనీ, తర్వాత ఏమీ తెలియదనీ చెప్పేది. పెదవులు చప్పరిస్తుందని భర్త చెప్పేవాడు. పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయని తల్లి చెప్పింది. ఇప్పుడు మీకు ఇంత చెప్పాక, రోగం ఎక్కడుందో మీరే పట్టుకోగలరు. నేను మాత్రం ఒక మాత్ర మార్చి మరొకటి, అది చాలక ఇంకొకటి రాస్తూ పోయాను. ఆ ఏళ్ళలో ఆమె చెయ్యి రెండుసార్లు పొయ్యి మీద కాలింది. కట్టు కట్టినదీ నేనే. చివరికి మరో డాక్టరు పంపితే హైదరాబాదులో ఎం.ఆర్.ఐ. తీశారు, ఆపరేషన్ జరిగింది, ఫిట్స్ ఆగాయి. నన్ను చూడడానికి వచ్చి, స్వీట్ల పొట్లం బల్లమీద పెట్టి, "ముందే తెలిసుంటే బాగుండేది సార్" అంది. ఆమె నన్ను నిందించలేదు. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

కాబట్టి కాగితం చేతికి వచ్చినప్పుడు మీరు అడగవలసినవి ఇవి. ఫిట్స్ పుట్టే చోటు తేలిందా, ఎన్ని సాక్ష్యాలు కలిశాయి? ఇంతకుముందు తీసిన ఎం.ఆర్.ఐ. ఎందుకు చాలదు? (చాలాసార్లు నిజంగానే చాలదు. మూర్ఛ కోసం పలుచని పొరలుగా, హిప్పోక్యాంపస్‌కు అనువైన కోణంలో తీయాలి. కానీ అలా తీసినదే చేతిలో ఉంటే మళ్ళీ ఎందుకో అడగండి.) నా వంటి కేసులో మీ ఆసుపత్రిలో ఫిట్స్ ఎంతమందికి ఆగాయి, జ్ఞాపకం ఎంతమందికి తగ్గింది? ఆపరేషన్ తర్వాత మందులు ఎన్నాళ్ళు? ఫిట్స్ ఆగినా వెంటనే మందులు ఆపరు. చాలామందికి కొన్నేళ్ళు వాడవలసి ఉంటుంది, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలిసి, ఆపరేషన్ ఒక్కటే వర్తిస్తుందా, ముందు పరీక్షలు కూడానా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. నేను చూసిన కుటుంబాలు ఎక్కువగా అప్పుపడింది పరీక్షల దగ్గరే. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టేవాళ్ళు దాని పద్ధతిని ఆపరేషన్ తేదీకి ముందే తెలుసుకోవాలి.

ఆ తండ్రి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. కొడుకుకు ఎడమ కణత వైపు మచ్చ ఉన్నదని రిపోర్టులో ఉంది. మాట పలికించే మెదడు చాలామందిలో ఆ వైపే. ఆ విషయం నేను చెప్పకముందే ఆయనే అడిగాడు, "మాట పోతుందా డాక్టరుగారూ? వాడు బాగా పాడతాడు." ఆ జవాబు నా దగ్గర లేదని, మీరు కొట్టివేయమంటున్న ఆ వరుసలోనే ఉందని చెప్పాను. ఆయన కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పై నెల పదో తారీఖున వీడియో ఇ.ఇ.జి.కి మంచం దొరికిందని తర్వాత ఫోను చేశాడు.